బుల్లెట్ ఇంజన్‌లో పవర్ పెంచాలంటే అసలు ఏం పెంచాలి

సింగిల్ సిలిండర్ బండికి పవర్ పెంచాలి అనగానే మన దగ్గర ఎక్కువ మంది మొదట సైలెన్సర్ మారుస్తారు, తర్వాత ఎయిర్ ఫిల్టర్ మారుస్తారు, ఈ రెండూ అయ్యాక సౌండ్ మారుతుంది కాబట్టి పికప్ కూడా పెరిగినట్టే అనిపిస్తుంది, తీరా పవర్ కొలిచే డైనో మెషిన్ మీద పెట్టి చూస్తే చాలాసార్లు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, కొన్నిసార్లు తగ్గుతుంది కూడా. ఎందుకిలా అవుతుందో తెలియాలంటే పవర్ ఎక్కడ పుడుతుందో లెక్కతో సహా చూడాలి. దానికి రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లంత మంచి ఉదాహరణ ఇంకోటి లేదు, ఎందుకంటే గత పదిహేనేళ్లలో ఈ ఒక్క కంపెనీ నుంచే రకరకాల సింగిల్ సిలిండర్ ఇంజన్లు వచ్చాయి, వాటి ఫిగర్లు పక్కపక్కన పెడితే ట్యూనింగ్ గురించి తెలుసుకోవాల్సింది చాలావరకు అందులోనే దొరుకుతుంది.

లెక్క చిన్నదే. టార్క్‌ని, అంటే ఇంజన్ తిప్పే బలాన్ని, న్యూటన్ మీటర్లలో తీసుకుని ఆర్‌పీఎంతో, అంటే నిమిషానికి తిరిగే రౌండ్లతో గుణించి 7121తో భాగిస్తే బీహెచ్‌పీ వస్తుంది. అంటే పవర్ పెరగాలంటే టార్క్ అయినా పెరగాలి, లేదా ఉన్న టార్క్ ఇంకా పై ఆర్‌పీఎం దాకా పడిపోకుండా నిలబడాలి, మూడో దారి లేదు. మరి టార్క్ ఎక్కడ నుంచి వస్తుంది అంటే ఒక్కో ఇన్‌టేక్ స్ట్రోక్‌లో సిలిండర్ ఎంత గాలి మింగింది, దానికి సరిపడా పెట్రోల్ కలిసి ఎంత బాగా మండింది, అంతే. పెట్రోల్ ఎంత కావాలంటే అంత పోయొచ్చు, గాలి మాత్రం అలా పోయలేం, పిస్టన్ కిందికి దిగేటప్పుడు బయటి వాతావరణం ఎంత తోస్తే అంతే లోపలికి వస్తుంది. పాత 350 సీసీ బుల్లెట్ 5250 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 2625 సార్లు గాలి పీలుస్తుంది, ప్రతిసారీ సిలిండర్ పూర్తిగా నిండితే నిమిషానికి దాదాపు 900 లీటర్లు, కానీ ఒక్కో స్ట్రోక్‌కి దొరికే టైమ్ 6 మిల్లీ సెకన్లు కూడా ఉండదు, ఆ కాస్త టైమ్‌లోనే గాలి ఫిల్టర్, కార్బరేటర్, పోర్ట్, వాల్వ్ అన్నీ దాటుకుని రావాలి, అందుకే అది పూర్తిగా నిండదు. ట్యూనింగ్‌లో ఎక్కువ భాగం ఈ గాలి గొడవే.

ఇప్పుడు ఫిగర్లు చూద్దాం. యూసీఈ ఇంజన్ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే కేసింగ్‌లో ఉండేది) ఉన్న పాత క్లాసిక్ 350లో బోర్, అంటే సిలిండర్ వెడల్పు, 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 90, కెపాసిటీ 346 సీసీ, పవర్ 5250 ఆర్‌పీఎం దగ్గర 19.8 బీహెచ్‌పీ, టార్క్ 4000 దగ్గర 28 న్యూటన్ మీటర్లు. క్లాసిక్ 500లో స్ట్రోక్ అదే 90, బోర్ మాత్రం 84 చేశారు, 499 సీసీకి 27.2 బీహెచ్‌పీ, 41.3 న్యూటన్ మీటర్లు వచ్చాయి. 2013లో వచ్చిన కాంటినెంటల్ జీటీలో మళ్లీ అదే స్ట్రోక్‌కి బోర్ 87 చేసి 535 సీసీ చేశారు, 29.1 బీహెచ్‌పీ, 44 న్యూటన్ మీటర్లు. వీటిని లీటర్ లెక్కకి మారిస్తే అసలు విషయం బయటపడుతుంది, టార్క్ మూడింటిలోనూ లీటర్‌కి 81 నుంచి 83 మధ్యలోనే ఉంది, పవర్ లీటర్‌కి 54 నుంచి 57 మధ్యలో ఉంది. అంటే 350 నుంచి 535 దాకా పెరిగిన పవర్ మొత్తం సీసీ పెరగడం వల్ల వచ్చిందే తప్ప ఇంజన్ గాలి పీల్చే పద్ధతిలో పెద్ద మార్పేమీ లేదు. కార్బరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చినా ఆ లెక్క మారలేదు, ఇంజెక్షన్ పెడితే పవర్ అదే పెరిగిపోతుంది అనుకునేవాళ్లు ఈ పాయింట్ దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి.

దీనికి ఎదురుగా హిమాలయన్ 411ని, 2023 చివర్లో వచ్చిన హిమాలయన్ 450ని పెట్టండి. పాతదానిది 78 బోర్, 86 స్ట్రోక్, రెండు వాల్వులు, ఎయిర్ కూలింగ్, 6500 దగ్గర 24 బీహెచ్‌పీ పైచిలుకు. కొత్తది 84 బోర్, 81.5 స్ట్రోక్, నాలుగు వాల్వులు, వాల్వులని తెరిచే క్యామ్‌లు పైనే రెండు (డబుల్ ఓవర్‌హెడ్ క్యామ్), లిక్విడ్ కూలింగ్, కంప్రెషన్ (సిలిండర్‌లోకి వచ్చినదాన్ని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ అంకె) 11.5, పవర్ 8000 దగ్గర 39.5 బీహెచ్‌పీ. సీసీ పెరిగింది 10 శాతం, పవర్ పెరిగింది 60 శాతం పైన. ఈ తేడాలో సైలెన్సర్ వాటా ఎంత, ఫిల్టర్ వాటా ఎంత అని వెతికితే ఏమీ దొరకదు, మారింది ఇంజన్ ఎముకల గూడే. బోర్ వెడల్పయింది కాబట్టి పెద్ద వాల్వులకి, ఎక్కువ వాల్వులకి చోటు దొరికింది, స్ట్రోక్ తగ్గింది కాబట్టి ఎక్కువ ఆర్‌పీఎం తిరగగలిగింది, నీళ్లతో చల్లబరుస్తున్నారు కాబట్టి కంప్రెషన్ పెంచినా నాకింగ్ (పెట్రోల్ గాలి అదుపు తప్పి తనంతట తానే మండి లోపల కొట్టుకోవడం) రాలేదు. కేటీఎం పాత డ్యూక్ 390 కూడా ఇదే కథ, 373 సీసీ ఇంజన్‌కి బోర్ 89, అంటే 535 సీసీ జీటీ బోర్ కంటే ఎక్కువ, స్ట్రోక్ చూస్తే 60 మాత్రమే. డ్యూక్, బుల్లెట్ రెండూ 350 చుట్టుపక్కల సీసీనే కదా, బుల్లెట్‌కి ఆ పవర్ ఎందుకు రాదు అని అడిగేవాళ్లకి జవాబు ఈ రెండు అంకెల్లోనే ఉంది.

స్ట్రోక్ ఎందుకంత ముఖ్యం అంటే పిస్టన్ స్పీడ్ వల్ల. స్ట్రోక్‌ని మీటర్లలో తీసుకుని రెండుతో, ఆర్‌పీఎంతో గుణించి 60తో భాగిస్తే సెకనుకి పిస్టన్ సగటున ఎన్ని మీటర్లు తిరుగుతుందో తెలుస్తుంది. యూసీఈ 350కి 5250 దగ్గర ఇది 15.75 మీటర్లు, డ్యూక్‌కి 9000 దగ్గర 18 మీటర్లు, హిమాలయన్ 450కి 8000 దగ్గర 21.7 మీటర్లు. మరి బుల్లెట్‌ని 9000 తిప్పితే? 27 మీటర్లు, ఆ స్పీడ్‌కి మామూలు కాస్టింగ్ పిస్టన్, ఆ కనెక్టింగ్ రాడ్, ఆ క్రాంక్ తట్టుకోవు. పైగా క్రాంక్ మీద పడే లోడు ఆర్‌పీఎంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది, 5250 నుంచి 6500కి వెళ్తే ఆర్‌పీఎం పెరిగింది 24 శాతమే కానీ పిస్టన్ ఎగిరిపడే ఫోర్స్ 53 శాతం పెరుగుతుంది. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్లలో అయితే బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోటు) దగ్గర రోలర్ బేరింగ్ కూడా లేదు, ఫ్లోటింగ్ బుష్ ఉండేది, వాటిని గట్టిగా తిప్పి బుష్ పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

ఈ గొడవ మనకే కొత్త కాదు. ఇంగ్లండ్‌లో నార్టన్ మాంక్స్ 500 రేసింగ్ బండి ఏళ్ల తరబడి 79.6 బోర్, 100 మిల్లీమీటర్ల స్ట్రోక్‌తో నడిచింది, ఇటలీ కంపెనీల నాలుగు సిలిండర్ల బండ్లు ముందుకి వెళ్లిపోతుంటే ఇక ఆ పొడుగు స్ట్రోక్‌తో పని అవ్వదని 1954లో అమ్మకానికి పెట్టే మాంక్స్‌ని 86 బోర్, 85.6 స్ట్రోక్‌కి మార్చారు. అంతటి రేసింగ్ అనుభవం ఉన్నవాళ్లే ఒక దశ దాటాక కొలతలు మార్చక తప్పలేదు, వీధి చివర షెడ్డులో స్ట్రోక్ 90 ఉంచేసి ఆర్‌పీఎం లాగుదాం అనుకోవడం అనవసరపు ఆశ. బుల్లెట్‌కి తగిన ట్యూనింగ్ అంటే కింద, మధ్య ఆర్‌పీఎంలో టార్క్ పెంచడం, అవకాశం ఉంటే సీసీ పెంచడం, రెడ్‌లైన్ (దాటకూడని ఆర్‌పీఎం) జోలికి పోకుండా ఉండటం. ఈ దారిలో చేసిన బండి రోడ్డు మీద నడపడానికి కూడా హాయిగా ఉంటుంది, ఎందుకంటే మనం రోజూ తిరిగేది 2500 నుంచి 4500 మధ్యలోనే.

ఏ పార్టూ కొనకముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది, ఇంజన్‌ని కంపెనీ ఇచ్చిన కండిషన్‌కి తేవడం. ఇది విసుగు పని అనిపిస్తుంది కానీ 40 వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో దీనికి మించిన ట్యూనింగ్ లేదు. కంప్రెషన్ గేజ్ పెట్టి చూడాలి, తక్కువ వస్తే ప్లగ్ హోల్‌లోంచి కొంచెం ఆయిల్ పోసి మళ్లీ చూడాలి, ఆయిల్ పోశాక ప్రెషర్ పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు సరిగ్గా మూసుకోవట్లేదు. వాల్వ్ గ్రైండింగ్, కొత్త రింగులు, క్లచ్ ప్లేట్లు జారకుండా చూడటం, వెనక బ్రేక్ పట్టేయకుండా చూడటం, చైన్, ప్లగ్, కార్బరేటర్ క్లీనింగ్, ఇన్‌టేక్ మేనిఫోల్డ్ రబ్బర్ పగిలి పక్క నుంచి గాలి లాగుతోందేమో చూడటం, వీటితోనే పోయిన పవర్‌లో చాలావరకు వెనక్కి వస్తుంది. ఇవేవీ చేయకుండా అరిగిన ఇంజన్‌కి క్యామ్ మార్చడం డబ్బులు పారేసుకోవడమే.

ఇక ఫిల్టర్ విషయం. కంపెనీ ఎయిర్‌బాక్స్ తీసేసి కోన్ ఫిల్టర్ తగిలిస్తే గాలి ఫ్రీగా వస్తుందని అనుకుంటారు, కానీ ఆ ఫిల్టర్ ఉండేది సిలిండర్ వెనకాలే, అక్కడ ఇంజన్ వేడికి కాగిన గాలి ఉంటుంది, వేడి గాలి పలచగా ఉంటుంది. ఎయిర్‌బాక్స్ అనేది ఉత్త డబ్బా కాదు, ఒక్క సిలిండర్ గబుక్కున గాలి లాగి ఆగిపోతూ ఉంటుంది కాబట్టి ఆ కుదుపుని సర్దే పని కూడా దానిదే, అది తీసేస్తే కింద ఆర్‌పీఎంలో బండి తడబడుతుంది. పైగా మన రోడ్ల దుమ్ము సంగతి తెలిసిందే, క్రషర్ లారీలు తిరిగే రోడ్లలో ఫిల్టర్ సరిగ్గా పట్టకపోతే సన్నటి ఇసుక నేరుగా రింగుల్లోకి పోతుంది. ఎయిర్‌బాక్స్ ఉంచి లోపలి ఎలిమెంట్ మాత్రం మంచిది వేసుకోవడం తెలివైన పని, దానితో పవర్ పెరిగేది తక్కువే, అయినా పోయేదేమీ ఉండదు.

గాలి పెరిగితే పెట్రోల్ కూడా పెరగాలి, ఇక్కడే ఎక్కువ బండ్లు పాడవుతాయి. గాలిలో ఉన్న ఆక్సిజన్ మొత్తం వాడుకోవడానికి లెక్క ప్రకారం కావాల్సిన పెట్రోల్ కంటే 13 నుంచి 18 శాతం ఎక్కువ ఇస్తేనే ఫుల్ థ్రాటిల్‌లో గరిష్ఠ పవర్ వస్తుంది, ప్యూర్ పెట్రోల్ అయితే ఒక భాగానికి 12.5 నుంచి 13 భాగాల గాలి. దీనికంటే లీన్ అయితే, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేకపోతే, పిస్టన్ పైభాగం వేడెక్కి నాకింగ్ వస్తుంది. కార్బరేటర్‌లో మెయిన్ జెట్ ఫుల్ థ్రాటిల్‌కి, నీడిల్ మధ్యకి, పైలట్ జెట్ ఐడ్లింగ్‌కి పని చేస్తాయి, కాబట్టి సైలెన్సర్ మార్చాం అని మెయిన్ జెట్ ఒక్కటే పెంచితే మధ్యలో లీన్‌గా మిగిలిపోతుంది. ఇప్పుడు దీనికి తోడు ఈ20 పెట్రోల్ వచ్చింది, ఇథనాల్‌కి సరిగ్గా మండటానికి కావాల్సిన గాలి ఒకటికి 9 భాగాలే, అది 20 శాతం కలిస్తే మొత్తం లెక్క ప్యూర్ పెట్రోల్‌కున్న 14.7 నుంచి దాదాపు 13.5కి దిగుతుంది, అంటే ప్యూర్ పెట్రోల్‌కి సెట్ చేసిన పాత కార్బరేటర్ ఏమీ ముట్టుకోకుండానే 8 శాతం లీన్ అయిపోతుంది. పాత బుల్లెట్ ట్యూన్ చేసేవాళ్లు మొదట సరిచేయాల్సింది ఇదే. బీఎస్6 బండ్లలో ఆక్సిజన్ సెన్సర్ ఉంది కదా అదే చూసుకుంటుంది అనే మాట సగమే నిజం, మామూలు క్రూజింగ్‌లో అది సర్దుతుంది, ఫుల్ థ్రాటిల్‌లో ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) తన దగ్గరున్న మ్యాప్ ప్రకారమే ఇంజెక్ట్ చేస్తుంది, మనం మార్చిన పైపు సంగతి ఆ మ్యాప్‌కి తెలియదు.

సైలెన్సర్ల దగ్గరకి వస్తే పంజాబ్, ఇండోరీ, లాంగ్ బాటిల్, షార్ట్ బాటిల్ అని షాపుల్లో వరసగా వేలాడుతుంటాయి, వీటిలో ఏది ఎంత పవర్ ఇస్తుందో ఎవరూ కొలిచి అమ్మట్లేదు. బ్యాక్ ప్రెషర్ కొంచెం ఉండాలి లేకపోతే పికప్ పోతుంది అనే మాట షెడ్డుల్లో బాగా వినిపిస్తుంది, గమనించింది నిజమే కానీ చెప్పిన కారణం తప్పు. బ్యాక్ ప్రెషర్ ఏ ఇంజన్‌కీ మేలు చేయదు, మేలు చేసేది పైపులో వేగంగా కదిలే గ్యాస్, ఇంకా ప్రెషర్ వేవ్‌లు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే ఒక ప్రెషర్ వేవ్ ఇంజన్ నుంచి సైలెన్సర్ దాకా ఉండే బెండ్ పైపులోకి పరిగెడుతుంది, పైపు వెడల్పయ్యే చోట అది తిరగబడి వాక్యూమ్ వేవ్‌గా వెనక్కి వస్తుంది, అది సరిగ్గా రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉన్న ఓవర్‌ల్యాప్ టైమ్‌లో చేరితే మిగిలిన కాలిన గ్యాస్‌ని బయటికి లాగి, కొత్త గాలిని లోపలికి పిలుస్తుంది. ఎప్పుడు చేరుతుంది అనేది బెండ్ పైపు పొడుగు మీద, ఆర్‌పీఎం మీద ఆధారపడి ఉంటుంది. బుల్లెట్ లాంటి తక్కువ ఆర్‌పీఎం ఇంజన్‌కి పొడుగైన, మరీ లావు కాని పైపు కావాలి, లావు పైపు పెడితే గ్యాస్ వేగం పడిపోతుంది, పొట్టిగా కోసేస్తే వేవ్ రావాల్సిన టైమ్ కంటే ముందే వచ్చేస్తుంది, రెండు రకాలుగానూ కింద పికప్ పోయి సౌండ్ మాత్రం మిగులుతుంది.

నిజమైన లాభం సిలిండర్ హెడ్‌లో ఉంది, కానీ అది కనపడదు, వినపడదు, కాబట్టి దానికి డబ్బు పెట్టేవాళ్లు తక్కువ. పోర్టింగ్ అంటే పోర్ట్‌ని, అంటే హెడ్‌లో వాల్వ్ దాకా గాలి వెళ్లే దారిని, తొలిచి పెద్దది చేయడం అనుకుంటారు, నీళ్ల పైపు కొసని వేలితో సగం మూస్తే ధార ఎలా దూరం కొడుతుందో పోర్ట్‌లో గాలి వేగానికి కూడా అలాంటి విలువ ఉంది, పోర్ట్ మరీ పెద్దదైతే వేగం పోయి, స్ట్రోక్ చివర్లో గాలి తన ఊపుతో తాను లోపలికి దూసుకొచ్చే లాభం పోతుంది. పని చేయాల్సింది వాల్వ్ సీటుకి దగ్గరలో, ముఖ్యంగా పోర్ట్ వంపు తిరిగే లోపలి అంచు దగ్గర, ఎందుకంటే గాలి అక్కడే గోడని వదిలేసి సుడులు తిరుగుతుంది. కాస్టింగ్ గరుకులు తీయడం, పోర్ట్‌కీ మేనిఫోల్డ్‌కీ మధ్య మెట్టు లేకుండా చేయడం, సీటుని ఒకే కోణంలో కాకుండా మూడు కోణాల్లో కట్ చేయించడం, ఇవి తక్కువ ఖర్చులో మంచి ఫలితం ఇచ్చే పనులు. ఇన్‌టేక్ పోర్ట్‌ని అద్దంలా మెరిపించడం మాత్రం చూడటానికే బాగుంటుంది.

హెడ్ ఎలాగూ విప్పారు కాబట్టి కంప్రెషన్ లెక్క కూడా వేసుకోవచ్చు. యూసీఈ 350 కంప్రెషన్ 8.5, అంటే పిస్టన్ పైన ఉన్నప్పుడు మిగిలే చోటు 346ని 7.5తో భాగిస్తే 46 సీసీ. దాన్ని 10 చేయాలంటే ఆ చోటు 38.4 సీసీ అవ్వాలి, 7.7 సీసీ తగ్గించాలి, 70 బోర్‌కి అది దాదాపు 2 మిల్లీమీటర్ల మందం. లేత్ దగ్గర హెడ్ 2 మిల్లీమీటర్లు దింపించేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది, కానీ వాల్వులని నొక్కే రాకర్లు కూడా అంతే కిందికి దిగుతాయి, క్యామ్ నుంచి రాకర్లని తోసే పుష్‌రాడ్లు ఆ మేరకు పొడుగైపోతాయి, హైడ్రాలిక్ టాపెట్లు ఆ తేడా మొత్తం మింగలేవు, వాల్వులు పూర్తిగా మూసుకోకుండా ఉండిపోతాయి, కాబట్టి పుష్‌రాడ్లు కూడా ఆ మేరకు పొట్టివి చేయించాలి. దీనికంటే పైభాగం ఉబ్బుగా ఉండే హై కంప్రెషన్ పిస్టన్ పెట్టడం శుభ్రమైన పద్ధతి. ఏది చేసినా పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే క్లే ముద్ద పెట్టి, హెడ్ బిగించి ఇంజన్‌ని చేత్తో తిప్పి, విప్పి ఆ ముద్ద మందం కొలవాలి, ఇన్‌టేక్ వైపు ఒకటిన్నర, ఎగ్జాస్ట్ వైపు 2 మిల్లీమీటర్లయినా ఖాళీ లేకపోతే వాల్వ్ వెళ్లి పిస్టన్‌కి తగులుతుంది.

ఇంత చేస్తే వచ్చేదెంత? ఫార్ములా ప్రకారం 8.5 నుంచి 10కి వెళ్తే ఎఫిషియెన్సీ పెరిగేది 5 శాతం లోపే, 20 బీహెచ్‌పీ మీద ఒక బీహెచ్‌పీ. తక్కువ అనిపించినా ఈ లాభం అన్ని ఆర్‌పీఎంలలోనూ వస్తుంది, మైలేజ్‌కి కూడా సాయం చేస్తుంది. దానికి బదులు ఇవ్వాల్సింది నాకింగ్ భయం, మే నెలలో ఎయిర్ కూల్డ్ ఇంజన్‌ని ట్రాఫిక్‌లో నడుపుతూ మామూలు పెట్రోల్ మీద 10 కంప్రెషన్ పెట్టుకుంటే ఇగ్నిషన్ టైమింగ్ కొంచెం వెనక్కి తీయాల్సి రావచ్చు, అప్పుడు వచ్చిన లాభం అక్కడే పోతుంది. ఇండియన్ ఆయిల్ 2020 చివర్లో తెచ్చిన ఎక్స్‌పీ100 లాంటి ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ ఇలాంటి ఇంజన్‌కి పనికొస్తుంది. స్టాక్ 8.5 కంప్రెషన్ ఇంజన్‌లో అదే పోస్తే అదనంగా పవర్ ఏమీ రాదు, ఆక్టేన్ అంటే నాకింగ్‌ని ఆపే శక్తే, పెట్రోల్‌లో ఉండే ఎనర్జీ వేరే సంగతి.

క్యామ్ మార్చడం అంటే ఇంజన్ స్వభావమే మార్చడం. వాల్వుని ఎక్కువసేపు తెరిచి ఉంచితే పై ఆర్‌పీఎంలో సిలిండర్ బాగా నిండుతుంది, కింద మాత్రం నిండిన గాలి కొంత తిరిగి బయటికి తోసుకుపోతుంది. పొడుగు స్ట్రోక్ ఇంజన్‌లో పై ఆర్‌పీఎంకి ఎలాగూ వెళ్లలేం కాబట్టి ఎక్కువ డ్యూరేషన్ (వాల్వ్ తెరిచి ఉండే టైమ్) ఉన్న రేస్ క్యామ్ పెట్టడం వల్ల ఉన్న బలం పోగొట్టుకుని, లేని బలం కోసం చూడటమే అవుతుంది, లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) కొంచెం ఎక్కువ, డ్యూరేషన్ దాదాపు స్టాక్‌లాగే ఉండే క్యామ్ ఈ ఇంజన్‌కి నప్పుతుంది. మిగిలింది సీసీ పెంచడం, బోర్ పెంచితే పవర్ ఎలా వస్తుందో పైన కంపెనీ ఫిగర్లే చెప్పాయి, పవర్ పెంచడానికి ఇంతకంటే నమ్మకమైన దారి లేదు, ఖర్చు కూడా అలాగే ఉంటుంది, పెద్ద పిస్టన్ బరువుకి తగ్గట్టు క్రాంక్ బ్యాలెన్స్ మళ్లీ చేయించాలి, లేకపోతే ఒక్క సిలిండర్ వైబ్రేషన్ చేతులకి, కాళ్లకి తెలిసిపోతుంది, క్లచ్ స్ప్రింగులు కూడా గట్టివి వేయాలి.

యమహా ఆర్ఎక్స్100 ప్రస్తావన లేకుండా ఈ మాట పూర్తవ్వదు, 98 సీసీకి 11 బీహెచ్‌పీ, లీటర్ లెక్కలో 112, అంటే బుల్లెట్‌కి దాదాపు రెట్టింపు. టూ స్ట్రోక్ ప్రతి రౌండ్‌కీ మండుతుంది కాబట్టి సగం కారణం అదే. ఆ ఇంజన్‌లో క్యామ్ లేదు, సిలిండర్ గోడకున్న పోర్టుల ఎత్తే క్యామ్, అందుకే ఒక ఫైల్, కొలతలు తెలిసిన చెయ్యి ఉంటే చాలు పవర్ ఎక్కడికో వెళ్లిపోతుంది, అంతే సులువుగా చెడిపోతుంది కూడా, ఎగ్జాస్ట్ పోర్ట్ ఎక్కువ ఎత్తు చేశాక దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ నిజంగానే ఇంజన్‌లో భాగం. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీర్ వాల్టర్ కాడెన్ ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ (మధ్యలో ఉబ్బి చివర సన్నబడే టూ స్ట్రోక్ సైలెన్సర్) వేవ్‌లని ఓపిగ్గా చదివి 1961 నాటికి 125 సీసీ సింగిల్ సిలిండర్ నుంచి 25 బీహెచ్‌పీ తీశారు, లీటర్‌కి 200, టర్బో గానీ సూపర్‌చార్జర్ గానీ లేకుండా అంత సాధించడం అదే మొదటిసారి. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆయన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేస్ నుంచి పారిపోయి ఆ విద్యని సుజుకీకి తీసుకెళ్లారు, 1962లో 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీకి దక్కింది. పైపు ఆకారంలో ఎంత పవర్ దాగుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి.

ఎంత పెరిగిందో కొలవడంలో కూడా మోసపోయే అవకాశం ఉంది, అది కూడా ఎవరి తప్పూ లేకుండా. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి దాదాపు 10 శాతం పలచన, సముద్రమట్టంలో ఉన్న విశాఖతో పోలిస్తే 500 మీటర్ల పైన ఉన్న హైదరాబాద్‌లో గాలి ప్రెషర్ 6 శాతం దాకా తక్కువ. అంటే డిసెంబర్ పొద్దున విశాఖలో నడిపిన బండి, మే మధ్యాహ్నం హైదరాబాద్‌లో నడిపిన బండి ఒకటే అయినా 20 బీహెచ్‌పీలో దాదాపు 3 తేడా వచ్చేస్తుంది, ఇది చాలా కిట్లు ఇస్తామని చెప్పే లాభం కంటే ఎక్కువ. అందుకే డైనో షీట్ చూసేటప్పుడు ముందూ వెనకా ఒకే రోజు, ఒకే మెషిన్ మీద తీశారా, గాలి వేడి, ప్రెషర్ తేడాలని సర్దడానికి ఏ కరెక్షన్ వాడారు అనేది అడగాలి. డైనో అందుబాటులో లేనివాళ్లు ఒకే రోడ్డు మీద, ఒకే గేర్‌లో 40 నుంచి 80కి ఎన్ని సెకన్లు పట్టిందో రెండు వైపులా చూసుకుంటే సరిపోతుంది. టాప్ స్పీడ్ మాత్రం కొలమానంగా పెట్టుకోవద్దు, గాలిని చీల్చుకుపోవడానికి కావాల్సిన పవర్ స్పీడ్ ఘనంతో పెరుగుతుంది, 120 నుంచి 130కి వెళ్లాలంటే 27 శాతం, అంటే బుల్లెట్‌కి 5 బీహెచ్‌పీ దాకా ఎక్కువ కావాలి. ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గిస్తే పికప్ వెంటనే తెలుస్తుంది, ఇంజన్ పవర్ ఏమీ మారదు, చాలామందికి నిజానికి కావాల్సింది అదే.

చివరగా చట్టం సంగతి, మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన, ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. 350ని 500 చేస్తే ఆర్‌సీలో ఉన్న సీసీ తప్పవుతుంది, ఏదైనా యాక్సిడెంట్ జరిగినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఈ విషయం బయటికి రావచ్చు, కాబట్టి బిగ్ బోర్ పని పెట్టుకునేవాళ్లు ఆ బండిని ట్రాక్‌కే ఉంచుకోవడం మంచిది. రోడ్ బండికి హెడ్ వర్క్, వాల్వ్ సీట్లు, సరైన జెట్టింగ్, స్టాక్ సైలెన్సర్ చాలు, ఆ సైలెన్సర్ ఉంచితే చెక్ పోస్ట్ దగ్గర ఆపే పని కూడా ఉండదు.